ఇలింకా సూదీ, నా కాఫీ పొట్లమూ

నాకు వైరస్ అంటే భయం. సూట్‌కేసంటే అంతకంటే భయం. వైరస్‌కి మందు కనిపెట్టారు గాని, సూట్‌కేసుకి ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

మా మనవరాలు ఇలింకాకు పన్నెండేళ్ళు. ఆయాసం మనిషి. వాళ్ళమ్మ రొట్టెల కొట్టులో రోజుకు మూడువందల మంది దగ్గుల మధ్య నిలబడుతుంది. అందుకే ఏడాది క్రితం పిల్లను మా దగ్గర దింపింది. ఇప్పుడు మా గలాట్స్ ఊళ్ళో పన్నెండేళ్ళ వాళ్ళకూ టీకాలన్నారు. "సూది పడ్డాక వచ్చే ఆదివారమే తీసుకెళ్తానమ్మా" అని ఫోను చేసింది.

సూది పడాల్సిందే. ఆ పిల్ల ఆయాసం తలుచుకుంటే నాకే ఊపిరాడదు. నేను కోరిందల్లా కాస్త ఆలస్యం.

"ఎక్కడికి పోతుందే? ట్రాములో ఏడు స్టాపులు!" అన్నాడు మా ఆయన పంఫిల్.

"మా అన్న కూడా స్టేషను దాకా వెళ్ళొస్తానన్నాడు. నలభై ఏళ్ళయింది."

"నీ వంటకి భయపడి పారిపోయాడు."

"ఆ వంటే తింటూ నలభై ఏళ్ళుగా కదలనిదెవరో?"

"తిన్నాక కదలడానికి ఓపికేదీ!"

మా ఊళ్ళో ఆసుపత్రికి ఎవరూ చేతులూపుకుంటూ వెళ్ళరు. నర్సు జేబులో ఒక కాఫీ పొట్లం జారవిడుస్తారు. ఎందుకో నోరు విడిచి చెప్పకూడదు, అది మర్యాద.

వరసలో మేము ముప్పై ఎనిమిదో వాళ్ళం. మధ్యాహ్నానికి తలుపు మూస్తారు. నర్సు జెనోవియా దయతలిస్తే, మా వంతు రాకుండానే మూస్తారు. పొట్లం జారవిడిచి, "మా పిల్ల సంగతి కాస్త చూడు తల్లీ" అని కన్ను గీటాను.

రెండు నిమిషాల్లో తలుపు తెరుచుకుంది.

"ఇలింకా ఎవరమ్మా? ముందు రా!"

ముప్పై ఏడు తలలు నా వైపు తిరిగాయి.

"వాళ్ళంతా ముందొచ్చారమ్మా, పాపం!" అని అడ్డుపడ్డాను.

"ఎంత మంచి మనసు అగ్లయా పిన్నీ నీది!" అంటూ జెనోవియా పిల్లను లోపలికి లాగింది.

"దానికి జలుబు!"

"లేదమ్మమ్మా" అంది ఇలింకా లోపలినుంచి, చాలా ఆరోగ్యంగా.

గడ్డం కిందికి మాస్కు జారిన ఒక పెద్దాయన నా పక్కకు ఒరిగాడు. "ఏ రకం కాఫీ మామ్మగారూ?"

పిల్ల దూది అదుముకుంటూ బయటికొచ్చింది. వెనకే జెనోవియా.

"ఏమిటో పిన్నీ, మీ ఇంట్లో మాటలు చిత్రం. నిన్న బాబాయి సారా సీసా ఇచ్చి, వచ్చే నెలకి వాయిదా వెయ్యమ్మా అని బతిమాలాడు. పేరు కొట్టేశాను కూడా. ఇవాళ నీ కాఫీ వచ్చింది. మనసు మార్చుకున్నారనుకుని మళ్ళీ రాసి మొదట పెట్టాను."

నా పక్కనే నిలబడ్డ పంఫిల్ పైకప్పు వైపు చూడసాగాడు. అక్కడ చూడ్డానికేమీ లేదు, నేనూ చూశాను.

"ఏడు స్టాపులేగా అన్నావు?"

"అన్నాను. పిల్లను చూడాలంటే ఆ ట్రామెక్కాల్సింది నా మోకాళ్ళు."

"మోకాళ్ళు సారా పోశాయా?"

"నువ్వు ఆ పొట్లం ఇంట్లో మరిచిపోయుంటే, నెల్లాళ్ళు పిల్ల మన దగ్గరుండేదే!"

నలభై ఏళ్ళలో మొదటిసారి ఆ మనిషి మర్యాద లేకుండా నోరు విడిచి అడిగాడు, పని అయింది. దాన్ని చెడగొట్టింది నా మర్యాద.

సూది పడ్డాక పావుగంట కూర్చోవాలట. ఇలింకా మా ఇద్దరి మధ్యా కూర్చుని, ఒకసారి నన్నూ ఒకసారి తాతనూ చూసింది.

"రెండో సూదికి అమ్మతో వస్తాను. మీరిద్దరూ ఇంటి దగ్గరే ఉండండి. కాఫీ వద్దు, సారా వద్దు. అయిపోయాక నేనే ట్రామెక్కి మీ దగ్గరికొస్తా."

ఇద్దరం బుద్ధిగా తలలూపాం.

"రెండోది ఇరవై ఒక్క రోజులకి" అంది జెనోవియా, కాగితం అందిస్తూ.

పంఫిల్ వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టసాగాడు.

"ఇరవై ఒకటంటే, ఆదివారాలు కూడా కలిపేనా అమ్మా?"