కదలని కారే కాపురానికి రక్ష

అయ్యలారా, అమ్మలారా! రోడ్డు మీద తిరిగే కారు కన్నా షెడ్డులో కదలకుండా పడి ఉన్న కారే గొప్పదని ఈ రోజు మీ ముందు నిరూపించబోతున్నాను. తొందరపడి పేజీ తిప్పేయకండి. కారు ప్రయాణం కోసమని మీరందరూ అనుకుంటున్నారు. పాపం, మీ తప్పు కాదు. షోరూమ్ వాళ్ళు అలా నమ్మించారు. నిజానికి కారు ఉన్నది విప్పడం కోసం.

తిరిగే కారు మనుషుల్ని విడదీస్తుంది. ఒకర్ని ఆఫీసుకి, ఒకర్ని బజారుకి, ఇంకొకర్ని చుట్టాలింటికి మోసుకుపోతుంది. అదే బానెట్ ఎత్తి, వెనక సీటు పీకి, పెట్రోలు పైపు ఊడదీసి నిలబెట్టిన కారు ఇంటిల్లిపాదినీ ఒక్కచోట చేరుస్తుంది. మా ఇంట్లో అందరూ కూర్చుని ఒకే విషయం మీద మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో! ఆ విషయం నా తెలివితేటలే అనుకోండి, అయినా మాట్లాడుకున్నారా లేదా?

ఇక ఆరోగ్యం సంగతి. జిమ్ముకి పోయి ఇనుము ఎత్తేవాళ్ళని చూస్తే నాకు జాలి. కారు కింద వెల్లకిలా దూరి, చెయ్యి పట్టని సందులో చెయ్యి పెట్టి ఒక్క క్లిప్పు విప్పి చూడండి. మీ ఒంట్లో ఉన్నాయని మీకే తెలియని కండరాలు వరసగా పలకరిస్తాయి. నా మెడ ఇప్పటికీ ఎడమవైపే చూస్తోంది. నాకేం ఫిర్యాదు లేదు, అటువైపు వీధి బాగానే ఉంటుంది.

మరి జ్ఞానం? మీ కారులో పెట్రోలు ఏ దారిన పోతుందో మీలో ఎందరికి తెలుసు? వెనక ట్యాంకు, ట్యాంకులో పంపు, పంపు నుంచి పైపు, దారిలో చెత్త పట్టే ఫిల్టరు, చివర ఇంజిన్లోకి సన్నగా చిమ్మే ఇంజెక్టర్లు. ఇదంతా నాకు కేవలం నాలుగు వీడియోల్లో వంటబట్టింది. ఐదో వీడియో చూసి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు.

నాకీ భాగ్యం ఎలా పట్టిందో చెబుతాను.

మా ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. ఆవిడ ల్యాబు నా ఆఫీసు దారిలోనే. పెళ్ళయినప్పటి నుంచి పొద్దున్నే ఆవిడని కారులో దింపి, నేను ముందుకి పోవడం అలవాటు. ఈ ఏడాది ల్యాబు వాళ్ళు ఊరికి అవతలి కొసన కొత్త బ్రాంచి పెట్టి, దానికి ఇన్‌చార్జిగా మా ఆవిడని రమ్మన్నారు. నా ఆఫీసు తూర్పు, ఆ బ్రాంచి పడమర. అంత పొద్దున్నే అటువైపు బస్సు లేదు. నేను వెనకాముందూ ఆలోచిస్తూ ఉండగానే ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో చేరిపోయింది.

చేరడమే కాదు, నేర్చేసుకుంది. సోమవారం లైసెన్సు టెస్టు. కారు మనమే తీసుకువెళ్ళాలి. ఆ రోజు తప్పితే మళ్ళీ తేదీ దొరకడానికి చాలా రోజులు పడుతుంది, ఈలోపు ఆ ఇన్‌చార్జి కుర్చీలో వేరే ఎవరో కూర్చుంటారు. కాబట్టి సోమవారం నాటికి మా కారు నడవాలి. ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. కారు కూడా నడుస్తూనే ఉంది.

అదే నాకు నచ్చలేదు.

నచ్చలేదంటే, పొద్దున్నే తాళం తిప్పితే ఒక్కసారికే అందుకోకుండా కాస్త గునిసేది. ముసలి బండి కదా, ఆమాత్రం గునుపు ఉంటుంది. కానీ టెస్టు పెట్టే ఆఫీసరు ముందు గునిస్తే మా ఆవిడ పరువేం కాను? ఆ బాధ్యత నాది కాదా? మా బావమరిదికి ఫోన్ చేశాను. వాడికి కారు లేదు కానీ కార్ల గురించి తెలియనిది లేదు.

"రాత్రంతా పెట్రోలు పైపులోంచి వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది బావా. మధ్యలో వన్‌వే వాల్వు పెట్టండి. ముందుకి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. పొద్దున తాళం ముట్టుకుంటే చాలు, అందుకుంటుంది" అన్నాడు.

ఆన్‌లైన్లో తెప్పించాను. బొటనవేలంత ఉంది. దాని మీద ఒక బాణం గుర్తు. ప్యాకెట్లో ఒక కాగితం కూడా వచ్చింది, చాలా మంచి కాగితం. దాంతో చేతులు తుడుచుకున్నాను.

శనివారం పొద్దున పని మొదలుపెట్టాను. నన్ను తక్కువ అంచనా వేయకండి, జాగ్రత్తలన్నీ తీసుకున్నాను. పంపు ఫ్యూజు పీకి, పైపులో ఉన్న పెట్రోలు అయిపోయేదాకా ఇంజిన్ నడిపి, బ్యాటరీ వైరు తీసేశాను. మా ఆవిడ బకెట్టు నిండా ఇసుక తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. నేను విప్పిన నట్లూ బోల్టులూ ల్యాబు నుంచి తెచ్చిన చిన్న సీసాల్లో వేసి, మూతలు బిగించి, ఒక్కోదాని మీదా అది ఎక్కడిదో రాసి అంటించింది. ఆ సీసాలు చూస్తే కారుకి ఏదో పెద్ద జబ్బు చేసినట్టే ఉంది.

"ఏమండీ, బాగానే పోతోంది కదా" అంది.

"బాగా పోవడం వేరు, బ్రహ్మాండంగా పోవడం వేరు" అన్నాను.

మధ్యాహ్నానికి వాల్వు బిగించాను. ఒక్క చుక్క కారలేదు. తాళం తిప్పాను. స్టార్టరు తిరిగింది, ఇంజిన్ అందుకోలేదు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ అంతే. ఇంకోసారి, ఇంకోసారి. ముందు గునుపైనా ఉండేది, ఇప్పుడు అదీ పోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఏమిటో పెద్దలు చెబితే వినడమే కానీ, స్వయంగా వేసి చూసుకునే అవకాశం ఎందరికి వస్తుంది చెప్పండి!

ఇక్కడి నుంచే అసలు ఆనందం. వెనక సీటు తీసి చెవి పెట్టి విన్నాను, పంపు గుంయ్ మంటోంది. ఫ్యూజులన్నీ చూశాను. పంపుకి కరెంటు అందించే రిలే మార్చాను. ప్లగ్గుల్లో నిప్పురవ్వ వస్తోంది. ఇంజెక్టర్లు బయటికి తీసి, ఊది, తుడిచి, మళ్ళీ పెట్టాను. ఫిల్టరు కొత్తది వేశాను. ఒక్క వాల్వు జోలికి మాత్రం పోలేదు. అది నేను పెట్టినది కదా, దాంట్లో తప్పెలా ఉంటుంది?

మర్నాడు బావమరిదికి మళ్ళీ ఫోన్ చేస్తే, "పంపుకి బలం చాలట్లేదు బావా, రేసు కార్లకి వేసే పెద్ద పంపు వేద్దాం" అన్నాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికొకడు. అయినా ఆ పంపు ఎక్కడ దొరుకుతుందో కనుక్కున్నాను. ఆదివారం కాబట్టి ఆ షాపు మూసి ఉంది. దేవుడున్నాడు.

పక్కింటి డ్రిల్లు మాస్టారు రిటైరైనా గొంతు రిటైరవలేదు. గోడ మీంచి చూసి, "తోస్తే స్టార్టవుతుంది. అందరూ రండి" అని వీధి వీధంతా వినబడేలా పిలిచారు. నేను స్టీరింగ్ పట్టుకున్నాను. ఆయన లెక్కపెడుతూ ముందు నడిచారు. అటు చివరి దాకా తోశారు, ఇటు చివరి దాకా తోశారు. ఇంజిన్ దగ్గనైనా దగ్గలేదు. ఏళ్ళ తరబడి పలకరింపులు లేని రెండిళ్ళ వాళ్ళు ఒకే డిక్కీ మీద చేతులు వేసి తోశారు. చెప్పానా, కదలని కారు మనుషుల్ని కలుపుతుందని?

మా ఆవిడ వరండాలో కూర్చుని రోడ్డు గుర్తుల పుస్తకం చదువుకుంటోంది. నేను చెమటలు తుడుచుకుంటూ వెళ్ళి నిలబడ్డాను.

"మెకానిక్‌ని పిలుద్దామండీ."

"ఇంతదాకా వచ్చాక మెకానిక్ ఏం చేస్తాడు?"

"బాగు చేస్తాడు."

ఆవిడే ఫోన్ చేసింది. మెకానిక్ ఊళ్ళో లేడు, మంగళవారం వస్తాడట. అప్పుడు చూశాను ఆవిడ ముఖం. ఫోన్ పక్కన పెట్టి, పుస్తకం మూసేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. అరిచినా బాగుండేది.

కాసేపటికి లేచి వచ్చి కారు పక్కన వంగింది. సీసాల మీద ఉన్నవన్నీ చదివింది. ట్యాంకు దగ్గర పైపు వెంట వేలు పెట్టుకుంటూ వచ్చి, వాల్వు దగ్గర ఆగింది.

"ఈ బాణం ఎటు చూపిస్తోంది?"

"వెనక్కి."

"పెట్రోలు ఎటు పోవాలి?"

"ముందుకి."

"మరి?"

అప్పుడు నా సిద్ధాంతం వివరించాను. ఇది వెనక్కి పోనివ్వని వాల్వు. కాబట్టి ఎటు పోకూడదో అటు బాణం వేసి హెచ్చరించారన్నమాట. అందుకే బాణం ట్యాంకు వైపు ఉండేలా, ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ బిగించాను. ఇందులో తర్కం లేదా? మీరే చెప్పండి.

ఆవిడ వరండాలోంచి రోడ్డు గుర్తుల పుస్తకం తెచ్చింది. "పోకూడదంటే బాణం మీద ఎర్ర గీత కొడతారండీ. గీత లేకపోతే అటే పొమ్మని" అంది. పుస్తకంలో పేజీ కూడా తీసి చూపించింది.

ఫ్యూజు పీకాం, పైపు విప్పాం, వాల్వు తిప్పి పెట్టాం. ఆవిడే సీట్లో కూర్చుని తాళం తిప్పింది. సగం తిప్పిందో లేదో, ఇంజిన్ అందుకుంది. డ్రిల్లు మాస్టారు గోడ అవతల నుంచి చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఇంజిన్ ఆపి, కిటికీలోంచి అడిగింది.

"నిజం చెప్పండి. కావాలనే చేశారా?"

"ఛ, లేదు."

"మరి బాగా పోతున్న బండిని ఎందుకు ముట్టుకున్నారు?"

పాఠక మహాశయులారా, మేమిద్దరం ఇన్నేళ్ళూ మాట్లాడుకున్నది ఎక్కడనుకుంటున్నారు? ఇంట్లోనా? ఇంట్లో గ్యాసు, పాలు, తలుపులు వేశారా లేదా, అంతే. పిల్లలు వద్దనుకున్నదీ, మళ్ళీ కావాలనుకున్నదీ, మా నాన్న పోయాక నేను ఏడ్చినదీ, ఆవిడ ఉద్యోగం మానేస్తానని ఒకసారీ మాననని ఒకసారీ అన్నదీ, అంతా ఆ కారులోనే, ఇంటికీ ల్యాబుకీ మధ్య. సోమవారం దాటితే ఆ దారి ఇక ఉండదు. స్పానరు పట్టుకున్నప్పుడు ఈ సంగతి నాకు తెలియదని ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. చేతులకి తెలిసిందేమో నేను చెప్పలేను.

"నువ్వు వెళ్ళిపోతావని" అన్నాను.

"వెళ్ళేది ల్యాబుకండీ. సాయంత్రానికి వస్తాను" అంది. అని, నా చేతికి అంటిన నల్లటి మడ్డి తన చున్నీతో తుడిచింది. అది కొత్త చున్నీ.

సోమవారం ఆవిడ పాసయింది. ఆఫీసరు మెచ్చుకున్నాడట కూడా. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఇన్‌చార్జి గారు కారెక్కుతారు, తాళం ముట్టుకుంటారు, బండి గునవకుండా అందుకుంటుంది. నా జన్మలో ఫలించిన ప్రయోగం అదొక్కటే. ఫలించి ఏం ఒరిగింది? కాస్త గునిసే రోజుల్లో అయితే ఆ గునిసేంతసేపైనా షెడ్డులో నిలబడి ఉండేవాళ్ళం.

అలాగని ఆవిడ నన్ను వదిలేసి పోవడం లేదు. గేటు దగ్గర ఆపి, పక్క తలుపు తీసి, "ఎక్కండి, బస్టాపులో దింపుతాను" అంటుంది. ఎక్కుతాను. బెల్టు పెట్టుకోమంటుంది. పెట్టుకుంటాను. నిన్న మా ఆఫీసులో జరిగిన గొడవ చెప్పడం మొదలుపెట్టి, ఎవరు ఎవర్ని ఏమన్నారో అక్కడిదాకా వచ్చేసరికి బండి ఆగింది. వెనక బస్సు హారన్. "మిగతాది సాయంత్రం చెబుదురు లెండి" అంది. సాయంత్రానికి గ్యాసు, పాలు వచ్చేస్తాయి కదండీ!

కాబట్టి కార్ల సంగతి నేను మొదట్లో ఏమేమో అన్నాను, అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నా ఫిర్యాదు కారు మీద కాదు. మా వీధి బస్టాపు మీద. ఎవరు కట్టారో కానీ ఇంటికి మరీ దగ్గరగా కట్టారు. సంబంధిత అధికారులు దయచేసి దాన్ని ఊరి తూర్పు కొసకి జరిపించాలి. నడవలేని వాళ్ళకి ఇబ్బంది అవుతుందని నాకూ తెలుసు. కానీ మేం ఇంకా కాస్త మాట్లాడుకోవాల్సి ఉంది.