సెరీన్ బోర్డు

ఆ ఉదయం లైబ్రేరియన్‌గారు పెట్టుకున్న పని ఒక్కటే. పదకొండింటికి తనిఖీ అధికారి వచ్చేలోగా చదువుల గది గోడకి కొత్త బోర్డు తగిలించాలి. గదిలో గోల ఎక్కువని ఇప్పటికే రెండు ఫిర్యాదులు పైకి వెళ్లాయి. మూడోది వెళితే ఆయన్ని పాత పుస్తకాల గోదాముకి బదిలీ చేస్తారు. అక్కడ పుస్తకాలకి ఎలుకలే పాఠకులు.

"నిశ్శబ్దం అని రాయిస్తే చాలదుటండీ?" అంది భార్య, క్యారేజీ అందిస్తూ.

"ఇరవై ఏళ్లుగా అదే ఉంది. ఎవడు విన్నాడు? ఇంగ్లీషు మాటకైతే జనం కాస్త జడుస్తారే. 'సెరీన్' అని రాయించా. ప్రశాంతం అని అర్థం."

"అర్థం తెలిసినవాళ్లు ఊరుకుంటారంటారా?"

"నీకన్నీ సందేహాలే!" అని ఆయన చెప్పులేసుకుని బయల్దేరారు. ఇల్లాలి మాట వింటే ఆ పూట ఇంత జరిగేది కాదు.

బోర్డు మీద 'ప్లీజ్ బీ సెరీన్' అని ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలు. తగిలించి పది నిమిషాలైనా కాలేదు, కిటికీ పక్కన పేపరు చదువుతున్న రిటైర్డు మాస్టారు కళ్లజోడు సవరించుకున్నారు.

"ఏమయ్యా, సెరీన్ అన్నది చెరువుకి వాడతారు, ఆకాశానికి వాడతారు. నోరు మూసుకోమనడానికి వాడరు."

"మెల్లగా మాస్టారూ, మీకు దణ్ణం పెడతా!"

"తప్పుని మెల్లగా చెబితే ఒప్పవుతుందా?"

ఎదురు బల్ల దగ్గర వకీలుగారు తలెత్తారు. "మనుషులకీ వాడొచ్చండీ. మా ఆవిడ చాలా సెరీన్ మనిషి."

"మీ ఆవిడ సంగతి వీధంతా వింటూనే ఉన్నాం లెండి!"

ఇంకేముంది, అగ్గిలో ఆజ్యం పోసినట్టయింది. ఆ లైబ్రరీలో మొదట్నుంచీ ఒక ఆనవాయితీ ఉంది. మాట మీద తగువొస్తే తీర్పు డిక్షనరీదే. ఉన్నవేమో నాలుగు! మాస్టారొకటి, వకీలుగారొకటి దించారు. పరీక్షలకి చదువుకుంటున్న అమ్మాయిలు మిగతా రెండూ లాక్కున్నారు. ఒకదాంట్లో ఉదాహరణకి చెరువు ఉంది, ఇంకోదాంట్లో ముసలావిడ ఉంది. గదంతా చెరువు జట్టూ ముసలావిడ జట్టూ అయి కూర్చుంది.

"ప్రశాంతంగా ఉండండయ్యా!" అని లైబ్రేరియన్‌గారు గొంతు చించుకుని అరిచారు. గదిలో అందరికన్నా పెద్ద గొంతు ఆయనదే. తలుపు దగ్గర చూస్తే తనిఖీ అధికారి నిలబడి ఉన్నారు.

లైబ్రేరియన్‌గారికి పైప్రాణాలు పైనే పోయాయి. "సార్, అదీ..." అంటూ బోర్డు వైపు చూపించారు.

అధికారి బోర్డు చదివారు. గది చూశారు. "ఎవరండీ ముసలావిడకి వాడొచ్చన్నది? రుజువేదీ, చూపించండి!" అంటూ చొక్కా చేతులు మడిచి బల్ల దగ్గరికి దూసుకొచ్చారు. ఆ తర్వాత గంటన్నర ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

వెళ్లబోతూ లైబ్రేరియన్‌గారి భుజం తట్టారు. "ఈ నెలలో పన్నెండు లైబ్రరీలు చూశానండీ. అన్నిచోట్లా జనం కునుకు తీస్తున్నారు. డిక్షనరీల మీద దుమ్ము లేనిది మీ దగ్గరే. మిమ్మల్ని ఇక్కణ్నుంచి కదిలించనివ్వను. వారం వారం ఒక ఇంగ్లీషు మాట మీద ఇలాంటి చర్చ పెట్టండి. ఇది ఉత్తర్వు."

గోదాము గండం గడిచింది. లైబ్రేరియన్‌గారు కుర్చీలో కూలబడి చెంబెడు నీళ్లు తాగారు.

సోమవారం పైనుంచి కవరొచ్చింది. మొదటి చర్చకి అధికారిగారు స్వయంగా ఎంచి పంపిన మాట: 'సైలెన్స్'.