దర్జీవర్యుడు బేస్ గిటారు బిగించిన ఘట్టము

మబ్బు విడిచిన ఆదివారమున, అపరాహ్ణవేళ రెండు గంటల పదునేడు నిమిషములకు, రెండవ అంతస్తు వాటాలో, కుట్టుమిషనును గోడవైపు జరిపి సంపాదించిన నాలుగడుగుల రణక్షేత్రమున, కోటు కాలర్ల గర్వమణచిన కత్తెరకోవిదుడును, కాజాకర్మధురంధరుడును అగు మన దర్జీ, అట్టపెట్టెలో విడిభాగములుగా వచ్చిన బేస్ గిటారుపై తుది దండయాత్రకు నడుము బిగించెను. వినుడు. నవ్వు వచ్చినచో నవ్వుడు, ఆయన ఏమీ అనుకొనడు.

మూడు వారములుగా పోరు సాగుచుండెను. మొదటి వారము ఉప్పుకాగితముతో ఆ చెక్కదేహమును రుద్ది రుద్ది ఇంటిల్లిపాదికిని ధూళిస్నానము చేయించెను. రెండవ వారము నీలివార్నిషు పూసి, ఆరినదో లేదో యని పది నిమిషములకొకమారు బొటనవ్రేలితో తాకి, తాకినచోటనెల్ల ముద్ర వేసి, మరల రుద్ది మరల పూసెను. మూడవ వారము మెడ బిగించెను. ఈ ఉదయమే, తంతుల కొనలను పట్టియుంచు ఇనుపపట్టీని, బ్రిడ్జి యనుదానిని, ఐదు స్క్రూలతో నాటెను.

ఇంత తొందర యేల యందురా? మన దర్జీ గిటారు వాయించు పాటల బృందమునకు నాయకుడు ఆయన యిల్లాలి యన్నయే. ఆయన శాసన మిది:

"బావా, అరువిచ్చిన వాళ్లు వాళ్ల గిటారు పట్టుకుపోయారు కదా. ఆదివారం ఐదింటికల్లా నీది మోగిందా, నీ చోటు నీదే. లేదంటే మెడికల్ షాపాయన్ని కూర్చోబెడతా. తర్వాత నన్నేమీ అనొద్దు."

రెండేండ్లు వ్రేళ్లు కాయలు కాయించుకొని సంపాదించిన చోటది. అది పోవునన్న తలపునకే మన వీరునికి రెండు రోజులుగా అన్నము సహించుట లేదు.

నాలుగు తంతులు బిగిసెను. చెవిని చెక్కకు ఆన్చి, మీటి, శ్రుతి సరిచేసెను. ఆహా! మేఘగంభీరనాదము! పిమ్మట మెడ నడుమ వ్రేలు నొక్కి మీటగా, స్వరము శ్రుతి తప్పి జావగారిపోయెను.

"ఓరీ కృతఘ్నతంతువా! పోషించిన హస్తమునే పరాభవింతువా!" అని గర్జించె ననుకొనెదరేమో. నిజమునకు ఆయన యన్నది, "అయ్యో, ఇదేంటి బాబూ" అని మాత్రమే.

అంతట రక్తపరీక్షల ల్యాబులో చుక్క యెక్కువతక్కువలు సహింపని కొలతలరాణి, ఆయన యిల్లాలు, టేపు తీసి మెడ చివరినుండి బ్రిడ్జి వరకు కొలిచెను.

"ఏవండీ, పెట్టెతో వచ్చిన కాగితంలో ముప్పై నాలుగు అంగుళాలని ఉంది. మీరు ముప్పై నాలుగున్నర పెట్టారేంటి?"

"అరంగుళం కుట్టుకి వదలొద్దూ?"

ఆమె గిటారును ఆ కొననుండి ఈ కొనవరకు త్రిప్పి చూచెను.

"గిటారుకి కుట్టెక్కడుందండీ?"

ముప్పదేండ్లుగా కత్తెర పట్టిన చేయి, యజమానుని అడుగకయే తన ధర్మము తాను నెరవేర్చెను! ఇల్లాలు నవ్వి నవ్వి నేలమీద చతికిలబడెను. ఆయన ముఖము చూచి నవ్వాపెను.

"ఊరుకోండి, ఇంకా రెండు గంటలుంది. విప్పండి."

విప్పెను. పాత రంధ్రములలో జిగురు ముంచిన పుల్లముక్కలు దిగ్గొట్టెను. ఇక జిగురు ఆరవలెను. ఆ నలుబది నిమిషములును ఆ బొటనవ్రేలు ముందుకు ఉరుకుటయు, ఆమె మణికట్టు పట్టి వెనుకకు లాగుటయు, వర్ణింప నా తరము కాదు.

"ముట్టుకున్నారో, చెయ్యి కుర్చీకి కట్టేస్తా!"

అరంగుళము ముందునకు క్రొత్త రంధ్రములు వెలసెను. తంతులు మరల బిగిసెను. గిటారును బిడ్డవలె దుప్పటిలో చుట్టి, చెప్పులు మరచి, వీరుడు బావగారి షెడ్డునకు పరుగెత్తెను.

ఐదు దాటి రెండు నిమిషములు. ఆయన చోటున మెడికల్ షాపాయన ఆసీనుడై యుండెను!

వీరుడు దుప్పటి విప్పెను. స్పీకరు తీగ గిటారుకు తగిలించి, మెడ నడుమ నొక్కి, ఒక్కమారు మీటెను. స్వరము నిటారుగా నిలిచి, షెడ్డు రేకులను గడగడలాడించెను.

బావ మెడికల్ షాపాయన వైపు తిరిగెను.

"లేవండి సార్. మా బావ వచ్చాడు."

వినుడు సకలజనులారా! అరంగుళమును గెలిచినవాడును, బొటనవ్రేలిని జయించినవాడును, పాదరక్షావిహీనుడును అగు ఆ మహావీరుడు, కన్నులు చెమర్చగా, ఇంకను వెచ్చగా నున్న ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండెను.