పునుగుపిల్లి గారి గడప సేవ

ఒక పెద్ద అడవిలో, శ్రావణమాసం రెండో శుక్రవారం, పొద్దున్న తొమ్మిది దాటి పది నిమిషాలకి, తాయారమ్మ అనే ఉడుత పిండివంటల కొట్లో ఫోను మూగబోయింది.

వరలక్ష్మీ వ్రతం నాడు కాబట్టి వేళతో సహా గుర్తుండిపోయింది. మా ఇంట్లో ఈ కథ చెప్పిన ప్రతివాళ్ళూ ఇక్కడ ఆగి అమ్మవారికి ఒక దణ్ణం పెట్టుకునేవాళ్ళు. నేనూ పెట్టుకున్నాను.

తాయారమ్మ అప్పుడే మొదటి వాయి బూరెలు మూకుట్లో వేసింది. పీట మీద కలశం, కలశం ముందు దీపం, దీపానికి కాస్త ఎడంగా ఫోను. ఆ రోజు ఆ ఇంట్లో అమ్మవారి తర్వాత అందరి చూపూ దాని మీదే.

ఎందుకంటే సాయంత్రం నాలుగింటికి దర్బారు నుంచి కబురు రావాలి. సింహం గారి మనవడికి అన్నప్రాశన. ఆ విందుకి పిండివంటలు ఎవరు చెయ్యాలో ఎలుగుబంటి దివాను గారు ఫోన్లో ఖాయం చేస్తారు. ముందు తాయారమ్మకి చేస్తారు. ఆవిడ ఎత్తకపోతే ఎదురు కొట్టు ముంగిసకి చేస్తారు. ముంగిస కొట్లో రంగు దీపాలున్నాయి, గుండ్రంగా తిరిగే కుర్చీలున్నాయి, ఏ డబ్బాతోనూ పనిలేని సొంత తీగ ఫోనుంది. ఉన్న బేరాలన్నీ అటే పోతున్నాయి. ఈ విందు కూడా పోతే వినాయక చవితి నాటికి తాయారమ్మ పొయ్యి ఆర్పేసి, మళ్ళీ చెట్టూ చెట్టూ తిరిగి గింజలు ఏరుకోవలసిందే.

పోనీ మనమే దివాను గారికి చేద్దామంటే, దర్బారు నుంచి ఫోను వస్తుందే గాని దర్బారుకి ఫోను వెళ్ళదు. అది పెద్దవాళ్ళ పద్ధతి. నడిచి వెళ్దామంటే మధ్యలో ఏరు పొంగి ఉంది.

"ఇందాకే కదే ఆ కోతి వచ్చి డబ్బా చూసి వెళ్ళాడు," అంది అత్తగారు చూడమ్మ, ఒత్తులు చేసుకుంటూ. "వాడు చూస్తే ఆగిపోయే ఫోనుటే ఇది?"

ఆ కోతి సంగతి చెప్పాలంటే ముందు పునుగుపిల్లి గారి సంగతి చెప్పాలి.

ఆయన పేరు సుగంధరాజు. ఆయన వీధి మొదట్లో అడుగు పెడితే చివరి కొట్టు దాకా వాసన వచ్చేది. తమది స్వామివారి అభిషేకానికి తైలం ఇచ్చిన వంశమని చెప్పుకునేవాడు. ఎప్పుడిచ్చారని ఎవరూ అడగలేదు. అడిగితే కళ్ళు పోతాయని భయం. ఆ వీధిలో చిన్న కొట్లన్నిటికీ ఫోన్లూ, ఆ ఫోన్లు పలకడానికి వైఫై డబ్బాలూ ఆయనే పెట్టించాడు. ఏదైనా చెడితే మీరు కొట్టు వదిలి రానక్కర్లేదు, మీ గడపలోకే వచ్చి బాగుచేస్తాం అన్నాడు. ఆ మాటకే అందరూ చేరారు.

కొండన్న అనే కోతి స్తంభాలెక్కి, డబ్బాలు విప్పి, బాగుచేసేవాడు. కొన్నాళ్ళు సాఫీగా జరిగింది. జ్యేష్ఠంలో ఒక పెద్ద పిడుగు పడి వీధిలో అడాప్టర్లన్నీ మాడిపోయాయి. డబ్బాకీ కరెంటు ప్లగ్గుకీ మధ్య ఉండే చిన్న నల్లటి దిమ్మే అడాప్టరు. అది లేకపోతే డబ్బా వెలగదు, డబ్బా వెలగకపోతే ఫోను మోగదు. మాడకుండా మిగిలినవి రెండే. ఒకటి సుగంధరాజు ఆఫీసులోది, ఇంకొకటి కుందేలు ఆకుకూరల కొట్లోది.

కొత్తవి తెప్పించాలి కదా. సుగంధరాజు పడక కుర్చీలో కూర్చుని ఆలోచించాడు. ఫోను బాగున్నవాళ్ళు నోరెత్తరు, చెడినవాళ్ళే ఎత్తుతారు. కాబట్టి ఎవరు గట్టిగా అరిస్తే కుందేలు కొట్లోది తీసి వాళ్ళకి పెట్టమని కోతికి చెప్పాడు. ఆ తర్వాత కుందేలు అరిస్తే అక్కడిది తీసి ఇక్కడ. అలా ఆ ఒక్క అడాప్టరు ఉత్సవ విగ్రహంలాగా వీధంతా ఊరేగుతూ ఉండేది. ఏ గడపకి వస్తే ఆ గడపవాళ్ళు పొంగిపోయి, ఎంత సేవ చేస్తున్నారో పాపం అనుకునేవాళ్ళు.

విగ్రహం రాని గడపల కోసం తిరుపాలు అనే తొండని పెట్టాడు.

తిరుపాలుకి డబ్బాల గురించి ఏమీ తెలియదు. తెలుసునని ఎన్నడూ అనలేదు కూడా. వచ్చి గడపలో కూర్చుని, చెప్పేవాళ్ళ కళ్ళలోకి చూస్తూ తల పైకీ కిందికీ ఊపేవాడు. అడవిలో ఎవరి గోడు ఎవరికీ పట్టని రోజులవి. ఒకరు పనిగట్టుకుని వచ్చి, అడ్డు చెప్పకుండా, మెడ నొప్పి పుట్టేలా తల ఊపితే ఎంత హాయి. కుట్టుమిషను కొట్టు ముళ్ళపంది ఒకసారి ఫోను గురించి మొదలుపెట్టి, తోడికోడలు గురించి చెప్పుకుని, కళ్ళు తుడుచుకుని, ఆయనకి మజ్జిగిచ్చి పంపింది. ఫోను మాట సాయంత్రానికి గాని గుర్తు రాలేదు.

అదే ముళ్ళపంది గురువారం నాడు ముళ్ళన్నీ లేపి అరిచింది. అందుకని శుక్రవారం పొద్దున్న కొండన్న తాయారమ్మ కొట్టుకి వచ్చి, ఒకసారి డబ్బా చూస్తాను పిన్నిగారూ అని, ఆవిడ బూరెల మీద ఉండగా అడాప్టరు తీసి చంకలో పెట్టుకుని పోయాడు. ఆ వీధిలో పని జరిగే తీరు అదీ.

కాసేపటికి తిరుపాలు వచ్చాడు. తాయారమ్మ మూకుడు దింపి, జరిగిందంతా చెప్పింది. నాలుగింటి ఫోను సంగతి చెప్పింది. ముంగిస తిరిగే కుర్చీల సంగతి చెప్పింది. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు. చెప్పగా చెప్పగా ఆవిడకి గుండెలో బరువు దిగినట్టయింది.

చూడమ్మకి మాత్రం దిగలేదు.

"నాయనా తిరుపాలూ, నువ్వు బాగానే ఊపుతున్నావు. మరి ఫోనో?"

తిరుపాలు దానికీ తల ఊపాడు.

"మోగుతుందా?"

ఊపాడు.

"మోగదా?"

అంతే శ్రద్ధగా ఊపాడు.

"అమ్మాయ్, లే," అంది చూడమ్మ కోడలితో. "ఈయన మెడ అరిగేదాకా కూర్చుంటే నాలుగు కొట్టేస్తుంది. నువ్వెళ్ళి ఆ అత్తరు బుడ్డినే అడుగు. పూజ పన్లు నేను చూస్తాను."

తాయారమ్మ నాలుగు బూరెలు ఆకులో కట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. సుగంధరాజు ఎదురొచ్చి, కుర్చీ వేయించి, వ్రతం బాగా జరిగిందా అమ్మా అని అడిగి, బూరెలు కళ్ళకద్దుకుని పక్కన పెట్టుకున్నాడు. ఈ పూటే పంపిస్తానని మాటిచ్చాడు. ఆవిడ అప్పటికీ కదలలేదు. ఫోను బాగయిందని ఇంటినుంచి కబురొచ్చేదాకా ఇక్కడే కూర్చుంటానంది. గట్టిగా కూడా అనలేదు. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, విష్ణు సహస్రనామం మొదలుపెట్టింది.

ఆ రోజు దివాను గారు సుగంధరాజుకి కూడా ఫోను చెయ్యాలి. రాజుగారి కోటలో ఫోన్లూ డబ్బాలూ చూసుకునే పని ఆయనకే ఇవ్వాలని మాట నడుస్తోంది. ఆ సమయానికి ఎదురుగా ఒక ఖాతాదారు కూర్చుని కళ్ళు మూసుకుని నామాలు చదువుతూ ఉంటే ఏం బాగుంటుంది. కోతిని పెరట్లోకి పిలిచాడు.

"ఎక్కడిదో ఒకటి తీసి ఆవిడకి పెట్టు. ఎక్కడిదని నన్నడగకు. నాలుగు లోపల ఈ నామాలు ఇక్కణ్ణుంచి లేవాలి," అని చెప్పి, తైలం రాసుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

కొండన్న ముందు ముళ్ళపంది కొట్టుకి వెళ్ళాడు. అది భోజనం చేసి, డబ్బాకి వీపు ఆనించి నిద్రపోతోంది. ఒకసారి చెయ్యి పెట్టబోయి, వేలు చప్పరించుకుంటూ బయటికొచ్చాడు. మిగతా కొట్లన్నిటిలోనూ మాడిన దిమ్మలే. వీధిలో ఇంకెక్కడ వెలిగే డబ్బా ఉందా అని స్తంభమెక్కి చూశాడు. ఒక్కటే కనిపించింది. అడగొద్దని యజమానే చెప్పాడు కాబట్టి అడగలేదు. ఆఫీసు కిటికీలోంచి చెయ్యి పెట్టి, యజమాని అడాప్టరు ఊడదీసుకుని, తాయారమ్మ కొట్టుకి పోయి తగిలించాడు.

డబ్బా మీద పచ్చ దీపం వెలిగింది. చూడమ్మ వాడి చేతిలో రెండు బూరెలు పెట్టి, వెళ్ళి కోడల్ని పంపించమంది.

తాయారమ్మ వచ్చి కాళ్ళు కడుక్కునే లోపలే నాలుగు కొట్టింది. ఫోను మోగింది.

దివాను గారి గొంతు చెట్టు తొర్రలోంచి వచ్చినట్టుంటుంది. బూరెలు, గారెలు, పరమాన్నం, అప్పాలు, ఏవి ఎన్ని గంగాళాలో చెప్పారు. పిల్లవాడికి పెట్టే మొదటి ముద్ద కూడా ఆవిడ చేత్తోనే వండాలన్నారు. తాయారమ్మ ఎడం చేత్తో ఫోను పట్టుకుని కుడి చేత్తో అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతా అయ్యాక దివాను గారు ఇంకొక మాట అడిగారు.

"అమ్మా, మీ వీధిలో ఆ సుగంధరాజు ఫోనెత్తడం లేదేం? మీకు చెయ్యకముందు ఆయనకి చేశాను, ఇప్పుడు పక్క ఫోన్లోంచి మళ్ళీ చేశాను. ఊళ్ళో ఫోన్లు బాగుచేసేవాడి ఫోనే పలక్కపోతే కోటలోవి ఏం బాగుచేస్తాడు? అసలా సేవ ఎలాంటిదో మీరు చెప్పండి."

వ్రతం రోజు అబద్ధమాడకూడదు. ఒకరి మీద చాడీలు చెప్పడం కూడా మంచిది కాదు. తాయారమ్మ కాస్త ఆలోచించి నిజమే చెప్పింది.

"తిరుపాలు గారని ఒకాయన వస్తారండి. చెప్పిందంతా వింటారు. తల ఊపుతారు. వెళ్ళిపోతారు."

"బాగుచెయ్యడా?"

"అది నేను చూడలేదండి. కాని విన్నాక మన మనసుకి తేలిగ్గా ఉంటుంది."

అవతల దివాను గారు కుర్చీ ముందుకి లాక్కున్న చప్పుడు గరగరమని వచ్చింది. ఫోను మళ్ళీ పోయిందేమోనని చూడమ్మ డబ్బా వంక చూసింది.

"అంతసేపు వింటాడా?" అన్నారు దివాను గారు, గొంతు తగ్గించి. "ఒక్కసారి కూడా కాదనడా? అమ్మా, రోజూ దర్బారు గుమ్మంలో ఎంతమంది మొరపెట్టుకోవడానికి నిలబడతారో మీకు తెలియదు. ఇలాంటివాడి కోసమే ఇన్నాళ్ళుగా వెతుకుతున్నాం."

మర్నాడు ఏరు తగ్గగానే పల్లకీ పంపుతామని, దర్బారులో మొరలు వినే అధికారి పదవికి తిరుపాలుని సిద్ధంగా ఉండమని కబురు చెప్పమన్నారు. కోటలో డబ్బాల మాట ఆయన ఇక ఎత్తలేదు.

సుగంధరాజు ఉతికిన పంచె కట్టుకుని, ఫోను ముందు దీపాల వేళ దాకా కూర్చున్నాడు. అప్పటికి గాని డబ్బా వెనక చూడలేదు. చూసి, కోతిని తిడదామంటే కోతి తను చెప్పిన పనే చేశాడు. ఆ సమయంలో తిరుపాలు సెలవు తీసుకోవడానికి వచ్చి, అలవాటు కొద్దీ ఎదురుగా కూర్చున్నాడు. సుగంధరాజు మొదలుపెట్టాడు. కోట పని పోయిన సంగతి, తన అడాప్టరే ఎత్తుకుపోయిన సంగతి, ఈ రోజుల్లో నమ్మకస్తులే లేని సంగతి, ఆఖరికి ఆ వంశమూ తైలమూ తాతగారు కట్టిన మాటలన్న సంగతి కూడా చెప్పేశాడు. తిరుపాలు అన్నిటికీ తల ఊపాడు. విచిత్రమేమిటంటే, ఆయనకీ మనసు తేలికపడింది.

మర్నాడు పొద్దున్న చూడమ్మ చీకటుండగానే లేచింది. వైఫై డబ్బాని తుడిచి, అడాప్టరుతో సహా దేవుడి గూట్లో అమ్మవారి పటం వెనక పెట్టి, దానికింత పసుపు రాసి బొట్టు పెట్టింది. స్నానం చెయ్యని చేత్తో ఇక కోతి కాదు, కోతి తాత కూడా దాన్ని ముట్టుకోలేడు. తాయారమ్మ ఒక పలక మీద "ఇచ్చట ఫోను పనిచేయుట లేదు" అని రాసి తలుపుకి తగిలించింది. అబద్ధం కదా అత్తయ్యా అంటే, వ్రతం నిన్నటితో అయిపోయిందిగా అంది చూడమ్మ.

అంతలో కొండన్న వచ్చాడు. తన అడాప్టరు తెచ్చెయ్యమని యజమాని పంపించాడు. పలక చదివి, అయ్యో పాపం, ఇక్కడిది కూడా పోయిందా అని తల గోక్కుని నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే లోపల ఫోను మోగడం మొదలుపెట్టింది. చూడమ్మ గభాలున లేచి గంట అందుకుని, అది ఆగిపోయేదాకా అమ్మవారికి హారతి ఇచ్చింది. కొండన్న బయటినుంచే లెంపలేసుకుని వెళ్ళిపోయాడు.

నీతి: మీ ఇంట్లో ఏదైనా చక్కగా పనిచేస్తూ ఉండాలంటే, అది చెడిపోయిందని నలుగురికీ చెప్పుకోండి.