హక్కుకి తాళం వెయ్యలేదమ్మా

మా అమ్మాయి చదివే బడిలో ఈ ఏడాది నుంచి బాలల హక్కులు అమల్లోకి వచ్చినట్టు ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. హక్కులు ప్రతి గురువారం నాలుగో పీరియడ్‌లో ఉంటాయి. గురువారం సెలవొస్తే ఆ వారానికి హక్కులు ఉండవు. (శనివారం కలిపి చెప్పేద్దామంటే డ్రాయింగ్ మేడమ్ ఒప్పుకోలేదట.)

నేను ఏడో తరగతితో బడి మానేసి కుట్టుమిషన్ ముందు కూర్చున్నదాన్ని. మా రోజుల్లో పిల్లలకు హక్కులు ఉండేవి కావు, వీపులు ఉండేవి. అందుకే ఈ కబురు వినగానే అందరికంటే ముందు నాకే గుండె దడ పట్టుకుంది. హక్కులకు పరీక్ష పెడతారా? తప్పితే ఉన్నవి కూడా వెనక్కి తీసుకుంటారా? ఒక్కసారిగా అన్నీ ఇచ్చేస్తే పిల్లకి జ్వరం గానీ రాదు కదా?

"హక్కులేమన్నా టీకాలా, జ్వరం రావడానికి? పడుకో" అన్నాడు మా ఆయన. ఆయన బస్సు కండక్టరు. తోసుకుంటూ ఎక్కేవాళ్లందరినీ చూసీ చూసీ ఆయనకి దేనికీ కంగారు ఉండదు. ఆ కంగారు కూడా నేనే పడాలి.

మా అమ్మాయి మూడో తరగతి. ఒక్కచోట కుదురుగా ఉండదని ఇంట్లో అందరం ఉడత అంటాం. మొదటి గురువారం గుమ్మంలోనే నిలబడి గడగడా అప్పజెప్పింది.

"మాట్లాడే హక్కు, ఆడుకునే హక్కు, ఆరోగ్య హక్కు, గౌరవంగా బతికే హక్కు!"

"మరి అన్నం తినే హక్కు?" అంది మా అత్తయ్య.

"అది వచ్చే వారం నానమ్మా."

"అయితే అప్పటిదాకా పస్తేనా?" అని అత్తయ్య నా వైపు చూసింది, వంట మొదలుపెట్టలేదని.

ఇంత పెద్ద వ్యవహారంలో చిన్న చిన్న నిబంధనలు సహజం. మాట్లాడే హక్కు ఉంది, అయితే గోల చెయ్యకూడదు కాబట్టి మనసులో మాట్లాడుకోవాలి. ఆడుకునే హక్కు ఉంది, బొమ్మలు కొత్తవి కాబట్టి అద్దాల బీరువాలో ఉంటాయి, బయటి నుంచి ఆడుకోవాలి. ప్రతి పిల్లా తన సొంత అభిప్రాయం చెప్పాలి. ఆ అభిప్రాయాన్ని హక్కుల మేడమ్ ముందే బోర్డు మీద రాస్తుంది.

గౌరవంగా బతికే హక్కు విషయంలో మాత్రం బడివాళ్లు మాటలతో సరిపెట్టలేదు. పాత బాత్రూములు పిల్లల గౌరవానికి భంగం కలిగిస్తున్నాయని తేల్చి, వెంటనే కూలగొట్టించారు. కొత్తవి కట్టించారు. తెల్లటి టైల్స్, పిల్లల ఎత్తుకు సరిపడా కుళాయిలు, గోడ మీద చేతులు పట్టుకుని నవ్వుతున్న పిల్లల బొమ్మలు. తలుపు మీద ఇంత లావు అక్షరాలు: 'శుభ్రమైన మరుగుదొడ్డి ప్రతి బిడ్డ హక్కు'. ఆ అక్షరాల కింద తాళం. ప్రారంభోత్సవం కాలేదు మరి.

ఈ సంగతి నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా ఉడత నీళ్ల సీసా నింపి పంపితే నింపినట్టే తిరిగొస్తోందని. ఎవరైనా నీళ్లలో ఏదైనా కలిపారా? దీని గొంతులో ఏదైనా అడ్డం పడిందా?

"ఎందుకే తాగట్లేదు?"

"దాహం వెయ్యట్లేదమ్మా."

ఎండలో ఆడే పిల్లకి దాహం వెయ్యకపోవడమేమిటి? నేను ఇంకా పెద్ద పెద్ద జబ్బుల పేర్లు తలుచుకుంటూ ఉండగానే దానికి జ్వరం వచ్చింది. ఒంటికి వెళ్తూ మంట అని ఏడ్చింది. పరుగున డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె పొట్ట నొక్కి చూసి, ఉడతనే అడిగింది.

"బడిలో ఒంటికి ఎన్నిసార్లు వెళ్తావు?"

"ఇంకా మొదలవలేదండీ" అంది ఉడత.

"పిల్ల ఆపుకుంటోందమ్మా. నీళ్లు బాగా తాగాలి, వచ్చినప్పుడు వెంటనే వెళ్లాలి. ఇలాగే ఉంటే కిడ్నీల దాకా పోతుంది."

ఆ మాట తర్వాత ఆమె ఏం చెప్పిందో నాకు వినపడలేదు. మా ఆయన విన్నాడు కాబట్టి మందులు మాత్రం సరిగ్గానే పడ్డాయి.

ఇంటికొచ్చి ఉడతను గుచ్చి గుచ్చి అడిగితే తాళం సంగతి అప్పుడు బయటపడింది. మర్నాడు బడికి వెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"ఇప్పుడు లోపలికి పంపకూడదక్కా. హక్కుల పీరియడ్ నడుస్తోంది."

"నేను కూడా హక్కు గురించే వచ్చాను తమ్ముడూ."

"పిల్లల హక్కులక్కా అవి. తల్లులవి ఇంకా రాలేదు."

అరగంట ప్రాధేయపడితే పెద్ద సారు గదికి పంపాడు. పెద్ద సారు మంచివారు. చెడ్డవారైతే పోట్లాడి రావచ్చు. మంచివారితో ఏం చేస్తాం? కుర్చీ వేయించారు, మంచినీళ్లు ఇప్పించారు. నేను తాగాను. (తాగాక భయమేసింది.)

"సార్, ఆ బాత్రూముకి తాళం తీయించండి. నా బిడ్డ ఆపుకుని ఆపుకుని జ్వరం తెచ్చుకుంది."

"అయ్యో, చాలా బాధాకరం. మీ అమ్మాయికి వెళ్లే హక్కు పూర్తిగా ఉందమ్మా."

"తాళం ఉంది కదా సార్."

"తాళం గదికి వేశామమ్మా. హక్కుకి వెయ్యలేదు."

ఎంత చదువుకుంటే ఇలాంటి మాట వస్తుంది చెప్పండి!

"ప్రారంభించక ముందే వాడితే పాడైపోతాయి. అధికారులు వచ్చి చూసేసరికి పిల్లల గౌరవం మరకలు మరకలుగా కనబడితే బాగుంటుందా? పొద్దున ఇంట్లోనే వెళ్లి రమ్మనండి."

"వెళ్లే వస్తుంది సార్. అది ఒక్కసారితో తీరే పని కాదు కదా."

"టీచర్ల బాత్రూముకి పంపిద్దామంటే అందరూ వస్తారు. ఒకరికిచ్చి ఒకరికి ఇవ్వకపోతే సమానత్వ హక్కు దెబ్బతింటుంది. మీరు ధైర్యంగా ఉండండి. వచ్చే గురువారం ఆరోగ్య హక్కే వివరంగా చెబుతున్నారు."

ఇంతలో ప్రారంభోత్సవం దగ్గర పడింది. పైనుంచి తనిఖీ మేడమ్ వచ్చి రిబ్బన్ కత్తిరిస్తారు. బాత్రూములు కట్టిన కాంట్రాక్టరు వేదిక మీద తాళంచెవి పెద్ద సారు చేతికి అందిస్తాడు. తాళంచెవి మొదటి నుంచీ పెద్ద సారు దగ్గరే ఉంది. అందుకని ముందురోజే దాన్ని కాంట్రాక్టరు ఇంటికి పంపించారు, ఆయన తెచ్చి ఇవ్వడానికి.

తల్లిదండ్రులందరం వెళ్లి కూర్చున్నాం. ఉడతను వేదిక మీద తనిఖీ మేడమ్ పక్కనే నిలబెట్టారు, హక్కులన్నీ తడుముకోకుండా చెబుతుందని. నేను మొదటి వరసలో కూర్చుని వేదిక కూలుతుందేమోనని దాని కొయ్యలు చూస్తున్నాను.

మేడమ్ చాలా దూరం నుంచి వచ్చారు. దారిలో మూడు బడులు చూసుకుని, మూడు చోట్లా పళ్లరసం తాగి వచ్చారు. మా బడిలో నాలుగోది ఇచ్చారు. స్వాగతోపన్యాసం సగంలో ఉండగా ఆవిడ పెద్ద సారు వైపు వంగి ఏదో అడిగారు. పెద్ద సారు ముఖం పాలిపోయింది.

"మేడమ్, తాళంచెవి కాంట్రాక్టరు గారి దగ్గర ఉంది. దారిలో ఉన్నారు."

"టీచర్లది?"

"మీరొస్తున్నారని పొద్దున్నే నేలకి రంగు వేయించాం. ఇంకా తడి మేడమ్."

ఆవిడ కళ్లు మూసుకున్నారు. ఉపన్యాసం బాల్యం గురించి ధారగా సాగుతోంది. అప్పుడు ఉడత ఆవిడ చీర కొంగు పట్టి మెల్లిగా లాగింది. దాని ముందున్న మైకు ఆపలేదన్న సంగతి ఎవరికీ తెలీదు.

"మేడమ్, ఒంటికా?"

మేడమ్ తలూపారు.

"కాలు మీద కాలు వేసుకోండి. కుళాయి వైపు చూడకండి. వంద నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఎవరైనా నవ్వించబోతే గట్టిగా గిల్లుకోండి. అయినా వస్తోందంటే వేరే ఏదైనా బాధ గుర్తు తెచ్చుకోండి. నేను ఇంజెక్షన్ గుర్తు తెచ్చుకుంటాను."

మైదానం అంతా వినపడింది. ఒక్కరూ నవ్వలేదు. కింద కూర్చున్న పిల్లలు నవ్వడానికి ఇందులో ఏముందన్నట్టు చూశారు. నేను మాత్రం, ఇంకేముంది, పిల్లను బడి నుంచి తీసేస్తారు అనుకుని చెప్పులు వెతుక్కున్నాను. మేడమ్ కాలు మీద కాలు వేసుకున్నారు. పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. కాంట్రాక్టరు వచ్చేసరికి ఆవిడ ఏ అంకె దగ్గరున్నారో తెలీదు గానీ, రిబ్బన్‌ను కత్తెరతో కత్తిరించలేదు, దూసుకుంటూ వెళ్లిపోయారు.

బయటికొచ్చి ఉడత తల నిమిరి, "ఎవరు నేర్పారు తల్లీ?" అన్నారు.

"ఎవరూ నేర్పలేదు మేడమ్. మా క్లాసులో అందరికీ వచ్చు."

ఆవిడ కళ్లలో నీళ్లు చూశాను. ఆవిడ వెనకే పెద్ద సారు మళ్లీ తాళం వేయించారు గానీ, ఈ రాత్రికి అది బద్దలైపోతుంది అనుకున్నాను. నాలాంటిదానికి కూడా ఒక్కోసారి ఆశ పుడుతుంది.

వారం తిరక్కుండా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం, తనిఖీ అధికారుల సౌకర్యార్థం ప్రతి బడిలో తాళంచెవి ఒకటి ఎల్లవేళలా సిద్ధంగా ఉంచాలి. పిల్లలకు గురువారం నాలుగో పీరియడ్‌లో ప్రాక్టికల్స్ కింద తలుపు తీయాలి. మిగతా రోజులకు, ఒక విద్యార్థిని కనబరిచిన మెళకువలను అన్ని తరగతుల్లోనూ పాఠంగా చెప్పాలి.

డాక్టరమ్మ చీటీ చూపించి నేను గేటు దగ్గర కూలబడి ఏడిస్తే, ఉడతను మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లనిస్తున్నారు. దానికి జ్వరం తగ్గింది. ఒకటో తరగతి పిల్లలకు ఆ పాఠం చెప్పే బాధ్యత దానికే అప్పగించారు. కాస్త కష్టంగానే ఉందట. వాళ్లకి అంకెలు ఇంకా ఇరవై దాకానే వచ్చు.