ఒంటె మీద ఏనుగు అంబారీ

కూతురి పెళ్ళినాటి ఉదయం ఆదెయ్యకు ఉన్నది ఒకటే పని. విడిదింటి నుంచి పెళ్ళికొడుకును అంబారీ మీద ఊరేగించి పందిట్లోకి తేవాలి. "మీవాణ్ణి ఏనుగు అంబారీ మీద తీసుకొస్తాను బావగారూ" అని చీరాల వియ్యంకుడి దగ్గర లగ్నాలనాడే గొప్పలు పోయాడు మరి. తీరా చూస్తే అంబారీ అద్దెకు దొరికింది గాని ఏనుగు దొరకలేదు. చివరికి ఒంటె సవారీలు తిప్పే సుభానీ తన ఒంటెను తోలుకొచ్చాడు.

"ఇది ఏనుగు మీద కట్టేదండి. ఒంటెకి మూపురం అడ్డమొస్తంది" అన్నాడు సుభానీ.

"ఆ ఎగుడుదిగుళ్ళు నేను సర్దుతాలే. నువ్వు తాళ్ళు బిగించు."

చావిట్లో పత్తి ఉంది. నలిగితే రేటు పడిపోతుందని ఆదెయ్య దాని జోలికి పోలేదు. మూలనున్న ఖాళీ గోతాలను దులపకుండానే మడిచి మూపురానికి అటూ ఇటూ కుక్కాడు. మిగిలినవి అంబారీలో పరిచి పైన పట్టుగుడ్డ కప్పాడు. మొన్నటిదాకా వాటినిండా ఉన్నవి మిరపకాయలు. పుట్టినప్పటి నుంచీ ఆ ఘాటులోనే బతికిన ముక్కు కాబట్టి ఆయనకు తేడా తెలియలేదు.

సగం వీధి దాటేసరికి ఎండ ముదిరింది. పెళ్ళికొడుకు ప్రేమ్‌చంద్‌కు చెమట పట్టింది. మొదట కాస్త అటూ ఇటూ జరిగాడు. తరువాత సిగ్గు విడిచి రెండు చేతులా గోక్కోసాగాడు. బాజాలవాళ్ళు అది డాన్సనుకుని దరువు పెంచారు. అంతలో ఒంటె తుమ్మింది. అంబారీ ఒరిగి, పట్టుగుడ్డ కింది నుంచి గోతాం అంచు బయటపడింది.

అవి మిరప గోతాలని ఆదెయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. భూమి రెండుగా చీలితే అందులోకి దిగిపోదామనిపించింది.

హారతిపళ్ళెంతో ఎదురొచ్చిన భార్య వెంకటేశ్వరమ్మ అల్లుడి వాలకం చూసి మొగుణ్ణి పక్కకు లాగింది. "ఏవయ్యా, అబ్బాయికేదో చర్మరోగం ఉంది. దాచిపెట్టి మనకి అంటగడుతున్నారు. పెళ్ళి ఆపించు."

ఆ మాట కాస్తా వియ్యంకుడి చెవిన పడింది. "మావాడికి రోగమా? దిగరా, మనూరు పోదాం" అని ఆయన కండువా దులిపాడు.

పందిట్లో పూలజడతో ఉన్న కూతురు హారిక లేచి నిలబడి ఇటే చూస్తోంది. తన గొప్పకోసం బిడ్డ పెళ్ళి చెడగొడుతున్నానని ఆదెయ్యకు తెలిసొచ్చింది. తల దించుకున్నాడు.

"రోగం కాదు బావగారూ. కింద పరిచినవి మిరప గోతాలు. నేనే పరిచాను. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియటం లేదు."

"నిజమైతే మీరే ఎక్కి కూర్చోండి" అన్నాడు వియ్యంకుడు.

ఆదెయ్య ఎక్కాడు. పందిరి చేరేదాకా ఆయన్ను దిగనివ్వలేదు. చేరేసరికి కళ్ళూ ముక్కూ ఏకమై, వియ్యంకుడికి పూర్తిగా నమ్మకం కుదిరింది. ప్రేమ్‌చంద్ స్నానం చేసి పెరుగు పూసుకుని పీటల మీదికి వచ్చాడు. తాళి ఎలాగూ నిలబడే కడతారు కనుక ఆ ఒక్కటీ సుఖంగా జరిగింది.

పెళ్ళి ఆల్బమ్‌లో అంబారీ మీద కూర్చుని కన్నీరు కారుస్తున్న ఆదెయ్యను చూసినవాళ్ళంతా, కూతురంటే ఎంత ప్రాణమో అంటారు, ఆయన కాదనడు.