పొట్టి చేపల వంశాభివృద్ధి

ధర్మసాగర్ పక్కనున్న ప్రభుత్వ చేపపిల్లల కేంద్రంలో బొచ్చె చేపలు ఏటేటా ఎందుకు చిన్నవైపోతున్నాయో కనిపెట్టడానికి వేసిన మూడో కమిటీ కూడా నివేదిక సమర్పించింది. మొదటి కమిటీ నీటిని అనుమానించింది. రెండో కమిటీ ఈశాన్యంలో ఉన్న మోటారు గదిని అనుమానించి, దాన్ని ఆగ్నేయానికి మార్పించింది. మూడో కమిటీ మాత్రం ఎవరినీ నొప్పించకుండా, ఎదగాలన్న పట్టుదల చేపల్లోనే కొరవడిందని తేల్చింది. ముగ్గురు సభ్యులూ సంతకాలు చేసి, ఉన్నవాటిలో పెద్ద చేపలు చూసి తలా ఒకటి పట్టుకుని వెళ్లారు.

పట్టుకెళ్లడం అక్కడ తప్పేమీ కాదు, మర్యాద. మృగశిర కార్తె మొదటిరోజున చేప తినకపోతే ఓరుగల్లు జనానికి ఏడాదంతా ఏదో వెలితిగా ఉంటుంది. మామూలు మనుషులు బజారులో కొనుక్కుని తింటారు. పెద్దమనుషులు కూడా కొనుక్కునే తింటే ఇక పెద్దరికం ఎందుకు? అందుకని ఏటా జూన్ మొదట్లో కేంద్రంలో వల వేసి, అన్నిటికన్నా పెద్ద చేపలను హోదా వారీగా ఇళ్లకు పంపేవారు. ఐదు కిలోలది పైఅధికారికి, నాలుగు కిలోలది ఆయన కింది అధికారికి, అలా దిగుతూ దిగుతూ జిరాక్స్ సెంటర్ వాడి దాకా. ఎవరికీ పంపడానికి పనికిరాని చేపలు కుంటల్లో మిగిలేవి. తొలకరి పడగానే వాటికే సంసారం పెట్టి, వాటి పిల్లలనే జిల్లా చెరువులన్నిట్లో వదిలేవారు.

ఈ సంగతి కేంద్రం అధికారిణి పద్మలతకు వచ్చిన ఏడాదే అర్థమైంది. ఆమె చేపల జన్యుశాస్త్రం చదువుకున్న మనిషి. చదివింది ఉద్యోగంలో వాడకూడదన్న ఇంగితం అప్పటికింకా అబ్బలేదు. ఎదుగుదల మేతలో కొంత, పుట్టుకలో కొంత ఉంటుందనీ, తొందరగా ఎదిగేవాటిని తినేసి ఎదగనివాటితో పిల్లల్ని పుట్టిస్తూ పోతే జాతి మొత్తం గిడసబారిపోతుందనీ నలభై పేజీల నివేదిక రాసింది. ఇరవై ఏళ్లలో ఏ చేప ఎవరింటికి వెళ్లిందో పట్టిక కూడా జతచేసింది. నివేదిక అద్భుతంగా ఉందని పైఅధికారి ఓంప్రకాశ్ మెచ్చుకుని, పట్టిక చింపేసి, మిగతాది బీరువాలో పెట్టించాడు.

పద్మలత నోరు మూసుకుని పని మొదలుపెట్టింది. నాలుగో కుంటను వేరు చేసింది. ఒకే ఈడు చేపలను ఒకే మేత మీద పెంచి, ముందుగా ఎదిగినవాటిని ఏరింది. వాటి పిల్లల్లో మళ్లీ ముందుగా ఎదిగినవాటిని ఏరింది. ఒక్కో తరానికి మూడేళ్లు పట్టింది. ఆరేళ్లకు పదకొండు ఆడ బొచ్చెలు తేలాయి. పక్క కుంటల్లో అదే ఈడువి రెండు కిలోలుంటే ఇవి ఐదుకు తగ్గవు. గట్టు మీద ‘రోగం సోకిన చేపలు’ అని బోర్డు పెట్టించడంతో ఇన్నేళ్లూ ఎవరూ అటు తొంగిచూడలేదు. ఈ తొలకరికి ఆ పదకొండూ గుడ్లు పెడితే చాలు, జిల్లాలో చేపలు పట్టి బతికేవాళ్ల వలల్లో మళ్లీ చేపలాంటి చేప పడుతుంది. పద్మలతకు అంతకుమించి కోరిక లేదు.

వానలు ఇంకో పదిహేను రోజుల్లో ఉన్నాయనగా ఓంప్రకాశ్ ఫోన్ చేశాడు. మత్స్యాభివృద్ధి మండలి ఛైర్మన్ సారంగపాణి, మృగశిరకు ముందురోజు కేంద్రాన్ని తనిఖీ చేసి, అక్కడే భోజనం చేస్తారట.

“చేప ఐదు కిలోలకు తగ్గద్దు మేడం. పోయినేడు నేను పంపిన చేపను సూసి, ‘ఇది మా పిల్లికా’ అని అడిగిండు సారు.”

వలలు వేసే యాకయ్య కేంద్రంలో అందరికన్నా పాత మనిషి. అతను తల గోక్కుంటూ అన్నాడు. “నాలుగో కుంటల కెళ్లి ఒక్కటి తీస్తే ఏమైతది మేడం? ఇంకా పదుంటయ్ గదా.”

“ఒక్కదాని రుచి మరిగితే తక్కిన పదింటిని ఉండనిస్తరా యాకన్నా?”

యాకయ్య తలూపాడు. “గదీ నిజమే. మీరు ఫికర్ చెయ్యకుండ్రి. పొద్దుగాల్ల బజార్ల కెళ్లి ఒకటి పట్టుకొస్త. ఐసు పెట్టెల చేప ఏ ఊర్ల పుట్టిందో తినేటోనికేం ఎరుక?”

అలాగే జరిగింది. లారీలో మూడు రోజులు ఐసు మీద ప్రయాణం చేసి వచ్చిన ఏడు కిలోల చేపలో సారంగపాణి గారు ధర్మసాగర్ నీటి తియ్యదనాన్ని పసిగట్టారు. మూడోసారి వడ్డించుకున్నాక మైకు అడిగారు.

“వంశమంటే గిదీ. మా తాత సర్పంచు. మా నాయిన సమితి ప్రెసిడెంటు. నేను ఛైర్మన్. తరతరానికి పెరుగుడే తప్ప తరుగుడు లేదు. ఈ చేపల గూడ గసొంటి నెత్తురే కనవడ్తాంది. ఇంత మంచి జాతిని కుంటల దాసిపెట్టుడు ప్రజలకు ద్రోహం చేసుడే. రేపు మృగశిర. పొద్దున తొమ్మిదింటికెల్లి ఇక్కడ ప్రజలందరికీ చేపలియ్యాలె.”

చప్పట్లు మోగాయి. జాతిని ఇంతగా వృద్ధి చేసినందుకు పద్మలతకు శాలువా కప్పారు.

తెల్లవారేసరికి గేటు ముందు మొదలైన లైను రోడ్డెక్కి మలుపు తిరిగింది. నిన్నటి చేప ఏ కుంటదో వెతికించి, ఇంత ఎదిగే రోగమైతే మనుషులకు సోకినా మంచిదేనంటూ ఓంప్రకాశ్ నాలుగో కుంట బోర్డు పీకించాడు. పద్మలత లైను దగ్గరికి వెళ్లి బతిమాలింది. మట్టెవాడ నుంచి తెల్లారకముందే వచ్చి లైనులో మొదట నిలబడిన కట్టమ్మకు వివరంగా చెప్పింది.

“అవి తల్లి చేపలమ్మా. పది రోజులాగితే గుడ్లు పెడతయి. మన చెరువులన్నిటికీ సరిపోయేటన్ని పిల్లలైతయి.”

“కడుపుల గుడ్లున్నయా?” అని కట్టమ్మ కళ్లు పెద్దవి చేసి, చేతిలో సంచి మార్చి ఇంకాస్త పెద్దది తీసింది. “గా ముచ్చట ముందుగాల్నే చెప్పద్దా మేడం.”

అరగంటలో వల లాగారు. పదకొండు తల్లులనూ తొట్లలో వేసి ఆఫీసు వెనక గదిలోకి మోసుకెళ్లారు. మిగతా కుంటల చేపలను లైనులో ఉన్నవాళ్లకు చూపించారు. మూరెడైనా లేని చేపలను చూసి జనం మొహం తిప్పుకున్నారు. పాపం చిన్నవి, బతకనీయండని జాలిపడ్డారు. ఆ జాలిని మన్నించి సిబ్బంది వాటిని జాగ్రత్తగా కుంటల్లోకి వదిలేశారు. రాబోయే తరానికి తల్లిదండ్రుల ఎంపిక ఆ విధంగా ప్రజాభిప్రాయం మేరకే పూర్తయింది.

పద్మలత గట్టు మీద కూలబడి ఏడ్చింది. ఆరేళ్ల పని అరగంటలో ఊడ్చుకుపోతే ఎవరికైనా ఏడుపొస్తుంది. యాకయ్య వల మడత పెడుతూ దగ్గరికొచ్చాడు. “నేను తెచ్చిన చేపనే మన కొంప ముంచింది మేడం” అన్నాడు.

మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి వీధి మొదట్లోనే పులుసు వాసన కొట్టింది. భర్త హరికృష్ణ కాలేజీలో పౌరశాస్త్రం చెబుతాడు. గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

“లైన్ల నిలవడలే పద్మా. నీ పేరు చెప్పిన. ఓంప్రకాశ్ సారే నన్ను వెనక గదికి తీస్కపోయి మంచిది సూసి ఇచ్చిండు. ఆరుంబావు కిలోలు.”

పదకొండింటిలో అంత తూగేది ఒక్కటే. అన్నిటికన్నా ముందు ఎదిగిన తల్లి అది. పద్మలత ఏదో అనబోయింది. అంతలో అత్తగారు కంచం ముందు పెట్టి, పొట్ట ముక్క ఏరి వడ్డించింది.

“ఇన్నేండ్లకు నీ కొలువుతోని ఇంటికో లాభమైంది బిడ్డా. తిను.”

పొద్దుటి నుంచి కడుపులో ఏమీ లేదు. పద్మలత తింది. రెండోసారి వడ్డిస్తే వద్దనలేదు.

ఆ రోజు లైనులో నిలబడినవాళ్లు నాలుగు వందల పైచిలుకు. వాళ్లలో ఒక్కరికీ తల్లి చేప అందలేదు. పదకొండూ ఎవరో ఒకరి పేరు చెప్పి వెనక గదికి వెళ్లినవాళ్ల ఇళ్లకే చేరాయి. ఆ పదకొండు ఇళ్లలో మీదీ ఒకటని మేము అనడం లేదు. ఓంప్రకాశ్ ఫోన్ నంబరు మీ దగ్గర లేకపోవడం తప్ప మీ ఇల్లు ఆ లెక్కలో లేకపోవడానికి మరో కారణం కనిపించడం లేదని మాత్రం సవినయంగా మనవి చేసుకుంటున్నాము.